నిహారిక కంచం

కాటా మీద నిలబడిన కోటేశ్వరమ్మ ఎర్రగా వెలిగే అంకెల వైపు చూడలేదు. ఎదురుగా నిలబడ్డ కూతురి ముఖం వైపు చూసింది. చూడగానే తెలిసిపోయింది... ఈ వారం కూడా తగ్గలేదు!

కొట్టు షట్టర్లు ఇంకా ఎత్తలేదు. లోపల గానుగ నూనె వాసన, వేరుశనగ బస్తాల దుమ్ము. హమాలీలు వచ్చేలోపు ఆమె ఆ కాటా ఎక్కి దిగడం అయిపోవాలి. బస్తాలు తూచే కాటా మీద యాభై ఏళ్ళ ఆడది నిలబడడం ఎవరి కంటనైనా పడితే సిగ్గుతో చచ్చిపోతుంది. అందుకే ప్రతి సోమవారం తెల్లవారుతూనే ఈ తంతు ముగించేవాళ్ళు.

"వంద గ్రాములు పెరిగావమ్మా," అన్నది నిహారిక. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

దేవుడి పటాల ముందు అగరొత్తులు వెలిగిస్తున్న వెంకట్రామయ్య వెనక్కి తిరగకుండానే, అది నీళ్ళ బరువై ఉంటుందని, ఫోను లెక్కలు నమ్ముకుంటే ఇంతేనని గొణిగాడు. నిహారిక ఫోను పక్కన పెట్టింది. తల్లి దగ్గరకు వచ్చింది. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన కూతురి ఎడమచేతి నరం తాడులా ఉబ్బి కనిపిస్తోంది.

"నాకు ఇవ్వడం నీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్యమ్మా. భయమేస్తే అందులో తప్పేం లేదు. కానీ చాటుగా తిని, బరువు తగ్గలేదని చెప్పి తప్పించుకోబాక."

కోటేశ్వరమ్మకు కాళ్ళ కింద కాటా కదిలినట్టయింది. ఇష్టం లేకపోవడమా! ఒకటి కాదు, రెండు మూత్రపిండాలూ తీసుకోండని డాక్టరు ముందు చేతులు జోడించిన తల్లి ఆమె. ఆ మాట విని డాక్టరు నవ్వినా, కోటేశ్వరమ్మ మాత్రం నిజంగానే అన్నది. పెళ్ళయిన రెండో ఏడే కూతురి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వెంకట్రామయ్య ఇద్దామంటే ఆయనకు షుగరు, రోజూ ఇన్సులిన్ సూది. అల్లుడు ఉదయ్ రక్తం గ్రూపు కలవలేదు. కలిసింది ఒక్క తల్లిదే! గుంటూరులో పరీక్షలన్నీ చేసి అన్నీ బాగున్నాయన్నారు, ఒక్క బరువు తప్ప. ఇంత ఒంటితో ఆపరేషన్ చేస్తే ఇచ్చేవాళ్ళకే ప్రమాదమని, మూడు నెలల్లో పది కిలోలు తగ్గి వస్తే తేదీ ఇస్తామని చెప్పి పంపారు. రెండు నెలలు గడిచిపోయాయి. మొదట్లో తగ్గిన రెండు కిలోలే తగ్గుదల. ఆ తర్వాత అంకె కదలనంటోంది.

గుంటూరు నుంచి వచ్చిన రోజే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. వెంకట్రామయ్యది శుద్ధమైన తిండి పక్షం. నరసరావుపేట బజారులో తాతల నాటి నుంచి గానుగ నూనె, బెల్లం, చిరుధాన్యాలు అమ్మే కుటుంబం వాళ్ళది. కల్తీ తిన్నవాళ్ళకే ఒళ్ళొస్తుందని, శుభ్రమైన సరుకు తింటే ఎంత తిన్నా ఒంటికి పట్టాల్సిందే పడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ రోజే ఇంట్లోంచి పంచదార, మైదా బయటికి పంపేశాడు; తెల్లబియ్యం డాక్టర్లు చెప్పారని నిహారిక ఒక్కదానికే ఉంచాడు. భార్యకు కొర్రన్నం, ముద్దపప్పులో ఇంటి నెయ్యి, నాలుగింటికి తాటిబెల్లంతో చేసిన పల్లీ ఉండ. తన చేత్తో తెచ్చి పెట్టేవాడు. నిహారిక తలపట్టుకునేది. పల్లీ ఉండ ఎంత మంచిదైనా అందులో ఉండే కేలరీలు అందులో ఉంటాయని, గానుగదైనా మిల్లుదైనా చెంచా నూనె చెంచా నూనేనని, తినే ప్రతిదీ తూచి ఫోనులో ఎక్కించాల్సిందేనని ఆమె వాదం. తండ్రి నొచ్చుకున్నాడు. తన గానుగ నూనెను ఎవడో పామాయిలుతో సమానం చేసి ఫోనులో రాశాడా అని ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

కోటేశ్వరమ్మ ఇద్దరి మాటా విన్నది. మొగుడి కోసం కొర్రలు తిన్నది. కూతురి కోసం ఆ కొర్రలు తూచుకుని తిన్నది. పల్లీ ఉండ మానేసింది, నెయ్యి చెంచాతో కొలుచుకుంది. కొర్రల వల్ల కడుపుబ్బరం పోయిన మాట నిజం. ఫోను లెక్క ప్రకారం చూస్తే నెలకు మూడు కిలోలకు పైగా తగ్గాల్సిన మాటా నిజం. అయినా కాటా ఒప్పుకోవడం లేదు! తండ్రి ఆ లెక్కల్ని నిందించేవాడు, కూతురు ఆ నెయ్యిని నిందించేది. ఇద్దరి మధ్యా దోషిలా నిలబడేది కోటేశ్వరమ్మ...

ఆ వంటింట్లో రెండు వంటలు జరిగేవి. తల్లి తగ్గాలి, బిడ్డ పెరగాలి. డయాలసిస్‌లో ఒంట్లో సత్తువంతా పోతుంది కాబట్టి బాగా తినాలని డాక్టర్లు గట్టిగా చెప్పారు. గుడ్డు తెల్లసొన పెట్టమన్నారు గాని, ఆ ఇంట్లో గుడ్డు అడుగుపెట్టి ఎరగదు. అందుకని కోటేశ్వరమ్మ పనీరు నేతిలో వేయించేది. కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు వంపేసి, ఉప్పు తగ్గించి, ఆ చప్పదనం తెలియకుండా నెయ్యి ఎక్కువ వేసి తాలింపు పెట్టేది. నిహారిక పేరు చెక్కించిన స్టీలు కంచంలో తెల్లన్నం గుమ్మటంలా పెట్టి మధ్యలో గుంట చేసి నెయ్యి పోసేది. నిహారిక రెండు ముద్దలు తినేది. మూడో ముద్దకు నోరు మూసుకునేది. నోట్లో ఇనుప చిలుము నాకినట్టుంటుందనేది. కంచం తల్లి వైపు నెట్టి, నాన్నకు కనిపించకుండా తీసెయ్యమని కళ్ళతోనే బతిమాలేది.

ఆ బతిమాలటానికి కారణం ఉంది. కిందటేడు ఓ మధ్యాహ్నం వెంకట్రామయ్య సూది వేసుకుని భోజనానికి కూర్చున్నాడు. పక్కన కూతురి కంచం నిండుగా, చల్లగా ఉండిపోయింది. అది ఆయన కంటపడింది. ముద్ద ముట్టకుండా లేచి కొట్లోకి వెళ్ళిపోయాడు. సూది వేసుకుని తినకపోతే ఏమవుతుంది! కాసేపటికే చెమటలు పట్టి నూనె డబ్బాల మీద కూలిపోయాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు నిహారిక తల్లి చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. నేను తినలేదన్న సంగతి ఇక నాన్నకు తెలియకూడదని.

కానీ ఆ ఇంట్లో ఏదైనా దాచడం ఎలా? కొట్టు వెనకే ఇల్లు. పెరటి వైపు ఇంకెవరిదో గోడౌను గోడ. మనిషైనా చెత్తబుట్టైనా బయటికి వెళ్ళాలంటే కొట్టు గుండా, వెంకట్రామయ్య గల్లాపెట్టె ముందు నుంచి పోవాల్సిందే. చెత్త కూడా ఆయనే పొద్దున్నే బయట పెడతాడు. బుట్టలో నాలుగు మెతుకులు కనిపిస్తే ఎవరు పారేశారని అడుగుతాడు. ఇక అన్నాన్ని తూములోనో దొడ్లోనో పోయడమన్నది కోటేశ్వరమ్మ ఊహకే రాని పని. అందులోనూ జబ్బుతో ఉన్న బిడ్డ కంచంలో అన్నం! పొయ్యి దగ్గర నిలబడే నాలుగు ముద్దల్లో అది ముగించి, కంచం కడిగి బోర్లించేది. ఆ తర్వాత తన కొర్రన్నం తూచుకుని కూర్చునేది. ఏం తిన్నావమ్మా అని నిహారిక ఫోను పట్టుకుని అడిగితే తన కంచంలోది ఒక్క మెతుకు దాచకుండా చెప్పేది.

ఆ సోమవారం పదింటికల్లా ఉదయ్ కారు తీసుకుని వచ్చాడు. చిలకలూరిపేటలో ఓ స్పిన్నింగ్ మిల్లులో ఉద్యోగం అతనిది. డయాలసిస్‌కు దగ్గరని భార్యను పుట్టింట్లో ఉంచి వారానికోసారి వచ్చి చూసి వెళ్ళేవాడు. నిహారికే ఫోను చేసి పిలిపించింది. డయాలసిస్ ఉన్న రోజు అతనే తీసుకొచ్చి దించుతాడని, ఈ ఇంట్లో ఇంక ఉండలేనని తండ్రికి చెప్పింది. తల్లికి అదీ చెప్పలేదు. వెంకట్రామయ్య అల్లుడి చెయ్యి పట్టుకుని కారు దాకా వచ్చాడు. కారు మలుపు తిరిగేదాకా కోటేశ్వరమ్మ కొట్టు అరుగు మీదే నిలబడిపోయింది. ఎవరో రైతు వచ్చి గేదెకు వేరుశనగ చెక్క ఉందా పిన్నీ అని రెండుసార్లు అడిగినా ఆమెకు వినపడలేదు...

తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆ తల్లికే తెలియాలి. ఫోను చేస్తే ఉదయ్ ఎత్తేవాడు, నిద్రపోతోంది అత్తయ్యా అనేవాడు. తిండి మానేస్తానని కోటేశ్వరమ్మ మొండికేసింది. బరువు తగ్గడానికి అంతకంటే దారేముందని ఏడ్చింది. వెంకట్రామయ్య ఒప్పుకోలేదు. పస్తులుండి రక్తం పడిపోతే అసలు ఇవ్వడానికే పనికిరావని డాక్టరు ముందే హెచ్చరించాడు. అందుకని కొట్లోంచి లేచి వచ్చి, ఎదురుగా కూర్చుని, ఎప్పటి కొర్రన్నమే ఎప్పటి కొలతకే తినిపించేవాడు. ఆ తినడం శిక్షలా తిన్నదామె. ఒక్క మెతుకు ఎక్కువ లేదు, ఒక్క మెతుకు తక్కువ లేదు.

రెండో సోమవారం తెల్లవారుతూనే కాటా ఎక్కమన్నాడు భర్త. ఎవరి కోసం ఎక్కను అన్నది. ఆయన భుజం పట్టి ఎక్కించాడు. అంకె నిలిచాక ఆయన వంగి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏమే... రెండు కిలోలు పోయినయ్యే."

కొర్రలు ఇప్పటికి పట్టాయని, శుద్ధమైన తిండి ఆలస్యంగానైనా పని చేస్తుందని తాను మొదటి నుంచి చెబుతూనే ఉన్నానని ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కోటేశ్వరమ్మకు ఆ మాటలు చెవికెక్కలేదు. తిన్నది అదే. కొలత అదే. నడిచిన నడకా అదే. మరి ఏం మారింది? ఏం మారిందని ఇన్నాళ్ళూ కదలని కాటా ఇప్పుడు కదిలింది?

వంటింట్లోకి వెళ్ళింది. గోడకు ఆనించిన కంచాల్లో నిహారిక కంచం పొడిగా, కాస్త దుమ్ము పట్టి ఉంది. అలవాటు చొప్పున చెయ్యి దాని వైపు వెళ్ళింది. ఈ రెండు వారాల్లోనూ మధ్యాహ్నమయ్యేసరికి తన చెయ్యి అటే వెళ్ళడం, కంచం అందుకోబోయి ఆగిపోవడం గుర్తొచ్చింది. ఆ చెయ్యి ఎందుకు వెళ్ళేదో అప్పుడు తెలిసింది! కడగడానికి కాదు. అందులో మిగిలింది నోట్లో వేసుకోవడానికి... నేతిలో వేయించిన పనీరు, గుంట చేసి పోసిన నెయ్యి, గుమ్మటంలా పెట్టిన తెల్లన్నం. పూటపూటా, రోజురోజూ. కూర్చుని తినలేదు కాబట్టి, తన కంచంలోది కాదు కాబట్టి, ఆకలికి తిన్నది కాదు కాబట్టి అది తిండి అని ఆమెకు ఏ రోజూ తట్టలేదు. ఏం తిన్నావమ్మా అని అడిగితే దాచిపెట్టిందీ లేదు. అసలు గుర్తే లేదు!

తలుపు పట్టుకుని కూలబడిపోయింది. చాటుగా తింటున్నావని కూతురన్నది. నిజమే అన్నది! కానీ ఎవరిది తిన్నదో ఆ పిచ్చిపిల్లకు తెలియదు...

తొమ్మిదింటి బస్సుకు చిలకలూరిపేట వెళ్ళింది. తలుపు తీసిన ఉదయ్ చేతికి ఉప్మా అంటుకుని ఉంది. లోపల మంచం మీద నిహారిక గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద ఉప్మా ప్లేటు. ఒక అంచున మాత్రం కాస్త తిన్నట్టుంది. కోటేశ్వరమ్మ మంచం చివర కూర్చుని బిడ్డ పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. వాచి ఉన్నాయి. వాటిని నిమురుతూ కాటా సంగతి చెప్పింది. రెండు కిలోలని వినగానే నిహారిక ఇటు తిరిగింది.

"నేను లేనప్పుడు తగ్గావు," అన్నది మెల్లగా. "అంటే నేనుంటే తగ్గవా?"

"నువ్వు వదిలేసిన అన్నం నేనే తింటన్నానమ్మా. పొయ్యి కాడ నిలబడి, రోజూ. అది తిండని నాకు తెలవలేదు. మీ నాన్న మీద ఒట్టు, నిజంగా తెలవలేదు తల్లీ."

నిహారిక లేచి కూర్చుంది. ఫోను తీసింది. తల్లి రోజూ చెప్పిన తిండి, రోజూ తాను ఎక్కించిన లెక్క వేలితో వెనక్కి జరుపుతూ పోయింది. జరుపుతూ జరుపుతూ ఆగింది. ఆ లెక్కలో తప్పు లేదు. తన కంచం మాత్రం అందులో లేదు. ఎలా ఉంటుంది? కంచం తల్లి వైపు నెట్టిన చెయ్యి తనదే కదా!

"పారెయ్యమన్నాను కదమ్మా నిన్ను..."

"ఎట్టా పారేసేదే నీ అన్నాన్ని?"

అంతే! నిహారిక తల్లి ఒళ్ళో ముఖం దాచుకుని ఏడ్చింది. ఇవ్వడం ఇష్టం లేదా అని అడిగిన నోరు ఇదేనని, ఈ నోటికి ఏం తిన్నా చిలుము రుచి రావడంలో వింత లేదని ఏడుపులో ఏమేమో అన్నది. కోటేశ్వరమ్మ ఆ నోటి మీద అరచెయ్యి పెట్టి మూసింది. గుమ్మంలో నిలబడ్డ ఉదయ్ తల దించుకున్నాడు. ఈ రెండు వారాలూ తాను ప్రతి పూటా ప్లేటు తీసుకెళ్ళి వీధి చివర చెత్తకుండీలో వేస్తున్నానని, ఎంత మిగులుతోందో చూసి భయమేసి ఎవరికీ చెప్పలేకపోయానని అన్నాడు. అది విన్న కోటేశ్వరమ్మకు కొత్త భయం పుట్టింది. తాను తిని ఒళ్ళు పెంచుకున్నదంతా ఈ బిడ్డ ఒంట్లో లేనిదే కదా! తండ్రికి తెలియకూడదని దాచి దాచి, డాక్టరుకు కూడా పూర్తిగా తింటున్నట్టే చెబుతూ వచ్చారు తల్లీకూతుళ్ళు. తాను పది కిలోలు తగ్గేదాకా ఈ పిల్ల నిలవాలి కదా...

మర్నాడే ముగ్గురూ నరసరావుపేట వచ్చారు. డయాలసిస్ చేసే చోట నిహారిక మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు కోప్పడి, వికారానికి వేసే మాత్ర మార్చి, ఒకేసారి గుమ్మటంలా పెట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమన్నారు. ఒట్టు సంగతి ఏం చేద్దామని దారిలో తల్లి అడిగింది. నిహారిక కిటికీ వైపు తిరిగి, నువ్వే తీసెయ్యమ్మా అన్నది.

ఆ మధ్యాహ్నం కొట్లో రద్దీగా ఉంది. చెక్క కోసం వచ్చిన పాలవాళ్ళు, నూనె డబ్బాలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు, కాటా దగ్గర హమాలీలు. గల్లాపెట్టె ముందు వెంకట్రామయ్య. లోపలి గుమ్మంలోంచి కోటేశ్వరమ్మ కంచంతో బయటికి వచ్చింది. కంచంలో కలిపిన అన్నం సగానికి పైగా అలాగే ఉంది. కంచం అంచు గాజులకు తగిలి చప్పుడవుతోంది. నలుగురి ముందు, మొగుడి ముందు, బిడ్డ అన్నాన్ని బయట పోయడానికి తీసుకెళ్తోంది ఆ తల్లి! ఆపరేషన్ బల్ల మీద పడుకోవడానికి ఆమెకు ఇంత ధైర్యం అక్కర్లేదు.

"ఏందే అది?" అన్నాడాయన.

"మీ కూతురు తినలేక వదిలిన అన్నం. రోజూ ఇంతే. మీరు చూస్తే తట్టుకోలేరని నన్ను దాచమన్నది. దాయటానికి చోటు లేక నేను తిన్నా."

వెంకట్రామయ్య కంచం వైపు చూశాడు. కొర్రల గురించి, నెయ్యి గురించి, ఫోను గురించి తాను రెండు నెలలుగా వాదించిందంతా ఆ కంచంలో కనిపించినట్టు ఆయన ముఖం నల్లబడిపోయింది. లేచాడు. ఎక్కడ పడిపోతాడోనని హమాలీ ఒకడు ముందుకు వచ్చాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, భార్య చేతిలోంచి కంచం తీసుకున్నాడు. ఎదురుగా పాలవాడి గేదె కుడితి తొట్టిలో ఆ అన్నం తానే వంపి, వీధి కుళాయి దగ్గర కంచం కడిగి, పంచె అంచుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. వంటింట్లో కూతురు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. తండ్రి అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచింది. ఆయన ఆమె ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"నాకు అన్నం పెట్టవే. సూది వేసుకున్నా," అన్నాడు భార్యతో.

పెట్టింది. తిన్నాడు. కన్నీళ్ళు అన్నంలో పడుతున్నా, ఆపకుండా తిన్నాడు. కంచం ఖాళీ చేసి కూతురికి చూపించాడు. ఇక నేను పడిపోను, నువ్వు ఎంత వదిలినా నా ముందే వదులు తల్లీ అన్నాడు. నిహారిక ఆయన మోకాలి మీద తల ఆనించింది. ఇన్నాళ్ళూ తండ్రిని కాపాడుతున్నాననుకుని తల్లిని ఓడించింది.

గడువు దాటిపోయింది. బరువు దిగుతోంది కదా, ఇంకొంత సమయం చూద్దామన్నారు గుంటూరులో. చూద్దామన్నారు, అంతే, తేదీ చెప్పలేదు. ఇప్పుడు సోమవారం కాటా షట్టర్లు ఎత్తాకే ఎక్కుతుంది కోటేశ్వరమ్మ. హమాలీలు చూస్తారు, చూడనీ. తాటిబెల్లం ఉండలు వెంకట్రామయ్య డాక్టరును అడిగి కూతురికి కొద్దికొద్దిగా పెడుతున్నాడు, కేలరీలు ఎక్కువని కూతురే నవ్వింది ఒకసారి. కొన్ని రోజులు అంకె తగ్గుతుంది, కొన్ని రోజులు కదలదు. డయాలసిస్ అయిన సాయంత్రాలు నిహారిక ముఖం చూస్తే, ఈ ఒళ్ళు ముందు కరుగుతుందా, ఆ ప్రాణం ముందు కరుగుతుందా అని ఆ తల్లి గుండె చెరువైపోతుంది...

మధ్యాహ్నం మాత్రం రోజూ ఆ కంచం కొట్టు గుండా బయటికి వెళ్తుంది. కొన్నాళ్ళు బరువుగా, కొన్నాళ్ళు తేలికగా. గల్లాపెట్టె ముందు వెంకట్రామయ్య ఎంత బేరంలో ఉన్నా తలెత్తి చూస్తాడు.

నిన్న నిహారిక కంచంలో ఏమీ మిగల్లేదు. గేదెకు వెయ్యడానికి ఒక్క మెతుకు లేదు. అయినా కోటేశ్వరమ్మ ఆ ఖాళీ కంచాన్ని రెండు చేతులతో పట్టుకుని, కొట్టు గుండానే బయటికి నడిచింది.